మిషన్ బాగుచేయొద్దత్తా

బ్రూస్‌పేట, బళ్ళారి
శుక్రవారం

పంపమ్మత్తకు,

నీ ఫోను మోగి మోగి ఆగిపోతోంది. అందుకే మీ ఊరి బస్సు కండక్టర్ చేతికి ఈ ఉత్తరం ఇస్తున్నాను. ముందు మామ చేతిలోని స్పానర్ లాక్కో! మిరపకాయల తొడిమలు తీయడానికి నువ్వు తయారుచేసిన మిషన్‌ను ఆయన బాగుచేయకూడదు.

నవ్వు ఆపుకోలేక అక్షరాలు వంకర పోతున్నాయి, ఏమనుకోకు. కొత్త మిషన్లు తయారుచేసేవాళ్ళకు డబ్బు సాయం చేసే మా వర్తకుల సంఘం ఇన్నాళ్ళూ ఏం చూసేది? రంగు వేసి, కుంకుమ పెట్టి, నిమ్మకాయ కట్టి తెచ్చారా అని! హగరి వ్యవసాయ పరిశోధన కేంద్రంలో హాలెండ్ నిపుణులతో కలిసి పనిచేశాక నాకు కళ్ళు తెరుచుకున్నాయి. వాళ్ళ మొదటి ప్రశ్న, "ఎక్కడ చెడింది?" ఎక్కడా చెడలేదన్న వాడిని పక్కన పెడతారు. వాడు దాన్ని పొలంలో వాడి చూడలేదని అర్థం.

ఇదే మా సంఘంలో చెప్పాను. అధ్యక్షుడు వీరభద్రయ్య గారు ఎగిరిపడ్డారు.

"చెడిపోయిన మిషన్‌కు దుడ్డు ఇయ్యల్లా? యాడన్నా ఉండాదేందప్పా ఇది!"

"యాడ చెడిందో తెలిస్తేనే గదన్నా, దుడ్డు దేనికి పెట్టల్లో తెలిసేది" అన్నాను.

ఆయన గడ్డం గోక్కున్నారు. "అట్లయితే పోయినసారి నా మొగం మీద కారం చల్లిందే, మీ అత్త మిషన్! ముందు దాన్నే పిలిపియ్యి" అన్నారు.

సోమవారం దాన్ని సంఘం వాళ్ళ ముందు నడిపి చూపాలి, ఉన్నది ఉన్నట్టు తీసుకురా అత్తా. కుంకుమ బొట్టు కూడా వద్దు. వీరభద్రయ్య గారు ముందు వరుసలోనే కూర్చుంటారట. ముక్కుకు కట్టుకోవడానికి ఇప్పుడే పెద్ద తువ్వాలు కొనుక్కొచ్చారు.

కాలు నిలవని
నీ మేనల్లుడు