కట్టెలు ఏ ఖాతాలో రాయాలి

నవంబర్ 1, శనివారం

అక్టోబర్ లెక్క ముగించాను. గడిచిన పన్నెండు నెలల మొత్తం 87,325 పౌండ్లు. తొంభై వేలు దాటితే వ్యాట్‌కి రిజిస్టర్ కావాలి. ఇంకా 2,675 ఎడం ఉంది.

మా ఆయన డెన్‌జిల్‌కి చెప్పాను. ఏప్రిల్‌లో మళ్లీ సున్నా నుంచి మొదలవుతుంది కదా, అంతవరకూ లాక్కొద్దాం అన్నాడు. ఏప్రిల్‌తో దీనికి సంబంధం లేదు, ప్రతి నెలాఖరుకీ వెనక్కి తిరిగి పన్నెండు నెలలూ కూడాలి అని నాలుగోసారి చెప్పాను. ప్రభుత్వానికి వేరే పని లేదా అన్నాడు.

మా ఆయన గుర్రాలకు లాడాలు కొడతాడు. ముప్పై ఒక్క ఏళ్లుగా ఇదే పని. పుస్తకాలు నేను రాస్తాను. నాలుగు కాళ్లకీ లాడాలు వేస్తే తొంభై ఐదు. వ్యాట్ కలిస్తే నూట పద్నాలుగు. మా దగ్గరికి వచ్చే అరవై ఒక్క ఇళ్లలో తామూ రిజిస్టరై ఉండి ఆ పైమొత్తం వెనక్కి రాబట్టుకోగలిగినవాళ్లు ముగ్గురు. మిగతావాళ్లకి అది జేబులోంచి పోయేదే. కింగ్టన్ వైపు లాకియర్ ఉన్నాడు. అతను రిజిస్టర్ కాలేదు, తొంభై ఐదుకే కొడతాడు. డెన్‌జిల్ భయం అదే. ముప్పై ఏళ్లు కూడగట్టుకున్న గుర్రాలన్నీ ఒక్క శీతాకాలంలో అటు వెళ్లిపోతాయని.

నవంబర్ 2, ఆదివారం

క్రిస్మస్ మాంసానికి చోటు కోసం డీప్ ఫ్రీజర్ సర్దాను. ఇంట్లోకి వచ్చే ప్రతిదీ ఇంటి పుస్తకంలో రాస్తాను. తేదీ, వస్తువు, బరువు, ఎవరిచ్చారు. విల్ఫ్ బెవన్, అర గొర్రె. విల్ఫ్ బెవన్, అర గొర్రె. విల్ఫ్ బెవన్, కాలేయం, అడక్కుండానే.

విల్ఫ్‌కి రెండు గుర్రాలు. వాటి లాడాలకి అతను ఎన్నడూ డబ్బివ్వలేదు. మాకు గుడ్లిచ్చే ఆవిడ కూడా అంతే. మా కంచె బాగుచేసే అతనూ అంతే. ఈ కొండల్లో అది మామూలే, ఎవరూ దాన్ని వ్యాపారం అనుకోరు.

ఇన్నేళ్లూ ఇంటి పుస్తకం వంటగదిలో, పని పుస్తకం మెట్ల కింద అరలో ఉన్నాయి. ఇవాళ రెండూ ఒకే బల్ల మీద పెట్టాను. పెట్టకుండా ఉండాల్సింది.

నవంబర్ 4, మంగళవారం, ఉదయం 10.40

పన్నుల శాఖ హెల్ప్‌లైన్. ముప్పై ఎనిమిది నిమిషాలు సంగీతం. తర్వాత ఒకతను వచ్చాడు. గొర్రె గురించి అడిగాను. ఏ గొర్రె అన్నాడు. మొదటినుంచీ చెప్పాను. పనికి బదులు వస్తువు తీసుకుంటే, అదే పనికి డబ్బుగా ఎంత తీసుకునేవారో అంతా టర్నోవరే అన్నాడు. మరి ఏ బదులూ ఆశించకుండా చేస్తే? అది బహుమతి, లెక్కలోకి రాదు.

మర్యాదస్తుడు. ఫోన్ పెట్టేముందు, మేడమ్, ఈ ప్రశ్న ఎక్కువమంది అడగరు అన్నాడు. మెచ్చుకున్నాడో హెచ్చరించాడో తెలియలేదు.

నవంబర్ 5, బుధవారం

విల్ఫ్ గుర్రాలు రెండు, ఏడేసిసార్లు: 1,330. కంచె అతని ఆడగుర్రం, ఏడుసార్లు: 665. గుడ్లావిడ పొట్టిజాతి పోనీకి గిట్టలు చెక్కడం మాత్రమే, ఎనిమిదిసార్లు: 320. కొత్త మొత్తం 89,640. గీతకి 360 దూరం. వెనక నెలలన్నీ కూడా ఇలాగే తిరగేసి చూశాను. ఏదీ దాటలేదు.

డెన్‌జిల్ తింటున్నవాడల్లా ఆపేశాడు. తిన్న మాంసం కూడా సంపాదనేనా అన్నాడు. తిన్నప్పుడు కాదు, తెచ్చినప్పుడు అన్నాను. నువ్వు ఇంట్లో ఉండగా వాళ్లకి ఇన్‌స్పెక్టర్లెందుకు, జీతమిచ్చి నిన్నే పెట్టుకోవచ్చు అన్నాడు. జీతం మాట ఎత్తాడు కాబట్టి, ముప్పై ఏళ్లుగా ఈ పుస్తకాలు రాస్తున్నందుకు నాకెంత అని అడుగుదామనుకున్నాను. అడగలేదు.

కాసేపటికి తనే, దాటలేదు కదా, ఇంక మూసెయ్ డెల్ అన్నాడు.

ఊరి చివర ఏటా ఈ రాత్రి కాల్చే బాణసంచా. కుక్క బల్ల కిందనుంచి రాలేదు.

నవంబర్ 7, శుక్రవారం

360 అంత దగ్గర ఉన్నప్పుడు సరిచూడకుండా ఎలా మూస్తాను. డెన్‌జిల్ జేబు డైరీలో మనుషుల పేర్లుండవు, గుర్రాల పేర్లే. ఒక్కో గుర్రానికీ ఎదురుగా వచ్చిన డబ్బో వస్తువో చూసి టిక్ పెట్టుకుంటూ వెళ్లాను. రెండు రోజులు పట్టింది.

ఒక గుర్రం మిగిలింది. దానికి పేరు కూడా లేదు, 'ముసలిది' అని రాసుకున్నాడు. ఏడాదిలో ఎనిమిదిసార్లు, నాలుగు కాళ్లూ. డబ్బు రాలేదు, వస్తువు రాలేదు.

ఇంటి పుస్తకంలోనూ ఒకటి మిగిలింది. మూడు ట్రైలర్ల యాష్ చెట్టు కట్టెలు, బాగా ఎండినవి, ఇల్లు వెచ్చబెట్టే మా పొయ్యి కొలతకి కోసినవి. అడవి కాంట్రాక్టర్ దగ్గర మిగిలిపోతే ఊరికే ఇచ్చాడని డెన్‌జిల్ చెప్పాడు, అలాగే రాసుకున్నాను.

డబ్బు రాని గుర్రం ఇటు. గుర్రం లేని కట్టెలు అటు.

ఎనిమిది తొంభై ఐదులు 760. కలిపితే 90,400.

నవంబర్ 8, శనివారం, ఉదయం 7.30

ముసలిది ఎవరి గుర్రం అని అడిగాను. ఎవరిదో అన్నాడు. కట్టెలు ఎవరివి? ఎవరివో అన్నాడు. బూటు లేసు కట్టుకోవడానికి అతనికి అంతసేపు ఎన్నడూ పట్టలేదు. రెండో బూటు కూడా అయ్యాక, టాన్సీ అన్నాడు. మీ అమ్మ గుర్రం టాన్సీ.

టాన్సీ ఇంకా బతికి ఉందని నాకు తెలియదు. ఇరవై ఎనిమిదేళ్లుండాలి. అది అమ్మ ఇంట్లోనే ఉందట, మెన్నా దగ్గర. కట్టెలు ఆ ఇంటి వెనక యాష్ చెట్లవి. తెగులు పట్టడంతో మెన్నా ఒక్కొక్కటీ కొట్టించేస్తోందట.

మెన్నా నా తోడబుట్టింది, నాకన్నా ఐదేళ్లు పెద్ద. ఆరేళ్లుగా మాటల్లేవు. అమ్మ పోయిన వారంలో, అమ్మని దగ్గరుండి చూసుకున్న ఎనిమిదేళ్లూ అమ్మ డబ్బుతో ఇల్లు ఎలా నడిపిందో లెక్క చూపించమని అడిగాను. అనుమానంతో కాదు. నేను ఎవరినైనా అడుగుతాను. ఎనిమిదేళ్లు అమ్మ పక్కబట్టలు ఉతికినదాన్ని లెక్క అడుగుతావా అని నా ముఖం మీద తలుపేసింది. తర్వాత రెండు క్రిస్మస్ కార్డులు పంపింది. రెండూ విప్పకుండా తిప్పి పంపాను.

నాలుగు శీతాకాలాలుగా ఈ ఇంట్లో మండుతున్నవి అమ్మ చెట్లు.

డెన్‌జిల్ గుమ్మం దగ్గర ఆగి, అది బేరం కాదు డెల్, సొంతవాళ్ల మధ్య ఇచ్చిపుచ్చుకోవడం అన్నాడు. నిజమే, సొంతవాళ్లయితే బహుమతి, 89,640. పరాయివాళ్లయితే బేరం, 90,400 అన్నాను. అయితే నువ్వు ఆవిడని ఒక్కసారి అక్కా అంటే గట్టెక్కుతాం అన్నాడు. నవ్వుతూ అనలేదు.

నవంబర్ 9, ఆదివారం

పొయ్యి వెలిగించలేదు. కరెంటు హీటర్ పెట్టుకున్నాం.

నవంబర్ 10, సోమవారం, ఉదయం 11.05

బహుమతి అని నా ఇష్టప్రకారం రాసుకోలేను. ఏ ఉద్దేశంతో ఇచ్చారో ఇచ్చినవాళ్లే చెప్పాలి. మెన్నాకి ఫోన్ చేశాను, నంబర్ మారలేదు.

ఎవరు పోయారు అంది మెన్నా, నా గొంతు వినగానే. ఎవరూ పోలేదన్నాను. మరెందుకు చేశావు అంది. కట్టెల గురించి అన్నాను. అటువైపు కెటిల్ మరుగుతున్న చప్పుడు. ఏం, పచ్చిగా ఉన్నాయా అంది. బాగానే ఉన్నాయి, అవి లాడాలకి బదులు ఇచ్చావా ఊరికే ఇచ్చావా అన్నాను.

లాడాలకి బదులేంటే అంది. అతన్ని పంపుతున్నది నువ్వే కదా.

మెన్నా చెప్పుకుంటూ పోయింది. నాలుగేళ్ల కిందట మంచులో వచ్చి గేటు దగ్గర నిలబడ్డాడట. నా పేరు చెప్పి, డెలిత్ పంపింది, అమ్మ గుర్రం గిట్టలు ఎలా ఉన్నాయో చూసి రమ్మంది అన్నాడట. డబ్బిస్తే, వద్దు, డెలిత్ పుచ్చుకోవద్దంది అన్నాడట. నీకు కార్డు పంపితే తిప్పికొడతావు, ట్రైలర్ నిండా కట్టెలు ఎలా తిప్పికొడతావో చూద్దామనుకున్నా అంది.

అంటే బహుమతేగా అన్నాను. అవునే, ఇంతకీ ఇదంతా ఎందుకు అంది. వ్యాట్ కోసం అన్నాను. నవ్వింది. దగ్గొచ్చేదాకా నవ్వింది. ఆరేళ్లకి ఫోన్ చేసింది, వ్యాట్ కోసమట అని పక్కన ఎవరితోనో అన్నట్టు అంది. ఆ ఇంట్లో పక్కన ఎవరూ ఉండరు.

నేను పంపలేదు అని చెప్పాల్సింది. తప్పు కనిపిస్తే అక్కడే దిద్దడం నా అలవాటు. చెప్పలేదు.

ఏడు నిమిషాలు.

అదే రోజు, సాయంత్రం 6

అబద్ధం చెప్పావు అన్నాను డెన్‌జిల్‌తో. నేనొచ్చానంటే గేటు తీసేది కాదు, నువ్వు పంపావంటే తీసింది అన్నాడు. గిట్టలు పగిలి గుర్రం కుంటుతోంది, ఎవరో ఒకరు పంపాలి కదా అన్నాడు. నాకెందుకు చెప్పలేదు? చెబితే ఆ కట్టెలు మండనిచ్చేదానివా, నాలుగేళ్లు చలికి చచ్చేవాళ్లం అన్నాడు.

మండనిచ్చేదాన్ని కాదు. అది నిజం.

పొయ్యి వెలిగించాను. అక్టోబర్ మొత్తం 89,640 అని సిరాతో రాశాను.

నవంబర్ 15, శనివారం

పోయిన నవంబర్‌లో డెన్‌జిల్ నడుం పట్టేసి రెండు వారాలు మంచం మీద ఉన్నాడు. ఆ నెల రాబడి 5,200 మాత్రమే. ఇప్పుడది పన్నెండు నెలల లెక్కలో వెనకనుంచి జారిపోతుంది. అంటే ఈ నవంబర్ 5,560 మించకూడదు. ఇప్పటికే 3,895. ఇంకా పదిహేడు గుర్రాలకే చోటుంది. మామూలుగా నాలుగు రోజుల పని.

పదిహేడూ కొట్టి కొలిమి ఆర్పేస్తా, సముద్రం చూసొద్దాం అన్నాడు. నవంబర్‌లో.

నవంబర్ 20, గురువారం

పదిహేడూ అయ్యాయి. ఏప్రన్ ఉతికి ఆరేశాను.

నవంబర్ 21, శుక్రవారం

పొద్దున్నే ఫిలిప్పా గాంట్ ఫోన్. పోనీ క్లబ్ నడుపుతుంది, నాలుగు పోనీలు. ఒకదాని లాడం సగం ఊడి మేకు మీద నిలబడిందట. పిల్లల పోటీ ఆదివారమట, మీ ఆయన్ని కాస్త లేపవమ్మా అంది. సెలవులో ఉన్నాడన్నాను. గిట్టలు కూడా సెలవు తీసుకుంటాయా అంది.

లాకియర్‌కి చెప్పనా అన్నాను డెన్‌జిల్‌తో. ఒకసారి అతని చేతిలో కాలు పెట్టిన గుర్రం మళ్లీ నా దగ్గరికి రాదు అన్నాడు. అయితే ఊరికే కొట్టొస్తాను, బహుమతి అని రాసుకో అన్నాడు. గాంట్ నీకు అక్కా చెల్లా అన్నాను. ఏప్రన్ తడిగానే కట్టుకుని వెళ్లాడు.

నవంబర్ 27, గురువారం

నిన్న మూడు. ఇవాళ రెండు. ఆరు వారాలు దాటితే లాడం వదులై గిట్ట చీలుతుంది. ఎవరికి రావద్దని చెప్పాలో నాకూ తెలియలేదు. సముద్రం మాట మళ్లీ ఎత్తలేదు.

నవంబర్ 30, ఆదివారం

నెలకి అరవై ఏడు గుర్రాలు, 6,365. పన్నెండు నెలల మొత్తం 90,805. దాటింది.

రెండుసార్లు కూడి అతని ముందు పెట్టాను. కళ్లద్దాలు లేకుండానే చూశాడు. కానివ్వు అన్నాడు. అక్టోబర్‌కే దాటి ఉంటే డిసెంబర్ ఒకటి నుంచి వసూలు చేయాలి. ఇప్పుడు జనవరి ఒకటి నుంచి. ఒక నెల గడువు దొరికింది. అది ఇచ్చింది అక్క.

డిసెంబర్ 3, బుధవారం, మధ్యాహ్నం 2.15

ఆన్‌లైన్‌లో రిజిస్టర్ చేశాను. నలభై నిమిషాలు. వ్యాపారం ఏమిటి అన్న చోట ఇచ్చిన జాబితాలో గుర్రం లాడాలు వెంటనే దొరకలేదు. పెంపుడు జంతువుల సేవలు, కుక్కల క్షౌరం కనిపించాయి. డెన్‌జిల్ భుజం మీదనుంచి చూసి, క్షౌరమే పెట్టు, వ్యాట్ వాళ్లు మనకి చేసేది అదేగా అన్నాడు. మూడు వారాల్లో అతను వేసిన మొదటి జోక్.

డిసెంబర్ 13, శనివారం

జనవరి నుంచి ధర నూట పద్నాలుగు అని అరవై ఒక్క ఉత్తరాలు సోమవారం పంపాను. చేత్తో రాశాను, ప్రింట్ తీస్తే బిల్లులా ఉంటుందని.

ఇప్పటిదాకా వెళ్లిపోతున్నామన్నవాళ్లు ఆరు ఇళ్లు, పదకొండు గుర్రాలు. గాంట్ స్వయంగా వచ్చి చెప్పింది. ఆ డబ్బు నువ్వు తింటావని కాదు డెలిత్, నాలుగు పోనీలంటే నాకు చాలా అవుతుంది అంది. డెన్‌జిల్ ఆమె కారు దాకా వెళ్లి, చిన్నదానికి వెనక ఎడమ కాలు మెల్లగా ఎత్తాలి, లాకియర్‌కి చెప్పు అన్నాడు. లోపలికొచ్చి కొలిమి దగ్గర చాలాసేపు ఏదో సర్దాడు.

విల్ఫ్ బెవన్ ఫోన్ చేశాడు. నా గొర్రెలో రాజుగారి వాటా ఎంత అన్నాడు. ఆరో వంతు అన్నాను. అయితే ఆయనకి మెడ ముక్క ఇవ్వు, పులుసుకి బాగుంటుంది అన్నాడు. అతను ఎక్కడికీ పోడు.

డిసెంబర్ 19, శుక్రవారం

క్రిస్మస్ కార్డు వచ్చింది. కవరు మీద రాత తెలుసు. విప్పాను.

జనవరి 1, గురువారం

వ్యాట్ నంబర్ తొమ్మిది అంకెలు. కొత్త పుస్తకం మొదటి పేజీలో రాశాను. నలభై తొమ్మిది ఇళ్లు మిగిలాయి. డెన్‌జిల్ లెక్క పెట్టమనలేదు, నేనే పెట్టాను. వెళ్లిన పన్నెండు ఇళ్ల పేర్లు పాత పుస్తకంలో కొట్టేయలేదు.

జనవరి 7, బుధవారం

టాన్సీ. నాలుగు కాళ్లు. ధర సున్నా, వ్యాట్ సున్నా. డబ్బు తీసుకోని పనికి ఎదురుగా కారణం రాస్తాను. రాశాను: నేను పంపాను.