అత్తయ్యకు వచ్చిన కల

చిరంజీవి కోడలికి అత్తయ్య దీవించి రాయునదేమనగా, ఇక్కడ నేను, మీ ఆయన, నా కుట్టుమిషను ముగ్గురమూ క్షేమం. నువ్వూ, నీ చేతులూ అక్కడ క్షేమమని తలుస్తాను. చేతుల సంగతి విడిగా ఎందుకు అడుగుతున్నానంటే, ప్లాస్టర్ పొడికి వేళ్ళు పగులుతున్నాయని పోయిన ఉత్తరంలో రాశావు. పని అయ్యాక శుభ్రంగా కడుక్కుని కాస్త నూనె రాసుకో. నలుగురికి కృత్రిమ కాళ్ళు చేసిపెట్టే చేతులు, ముందు అవి బాగుండాలి.

నువ్వు అడిగినవాటికి వరసగా జవాబులు చెబుతాను. నా మోకాలు నయం. మెట్లు ఎక్కేటప్పుడు మాత్రం నేనున్నానని గుర్తుచేస్తోంది. బడి యూనిఫాంల పని అయిపోయింది. చివరి చొక్కాకు కాజాలు కుట్టి నిన్ననే పంపించేశాను. మీ ఆయన వంట నేర్చుకుంటున్నాడు. మొన్న గిన్నె మాడ్చాడు, నిన్న గరిట మాడ్చాడు. గరిట ఎలా మాడుతుందో నాకింతవరకూ అర్థం కాలేదు. అడిగితే, "అది నీకు తెలియదులే అమ్మా" అంటాడు. నిజమే, ఇన్నేళ్ళ నా వంటలో అది నాకు తెలియలేదు.

"అత్తయ్యా, ఆ కల మీకు నిజంగానే వచ్చిందా? మళ్ళీ ఏమైనా వచ్చాయా?" అని కూడా అడిగావు. దానికి జవాబు కాస్త పెద్దది. కొంచెం ఓపిక పట్టు.

ముందు ఇక్కడి వింత ఒకటి చెప్పాలి. కుట్టు వీడియోలు చూసుకోమని నువ్వు నాకు వదిలి వెళ్ళిన ట్యాబ్‌లో ఒక్కసారి, ఒకే ఒక్కసారి, మోకాళ్ళ నొప్పి అని వెతికాను. అప్పటినుంచి ఏది తెరిచినా మోకాళ్ళే. కాలరు కత్తిరించడం చూద్దామంటే ముందు మోకాలి పట్టీ, మధ్యలో మోకాలి తైలం, చివర ఎవరో పెద్దాయన గెంతుతూ కనిపిస్తాడు. "నాకు నొప్పి అని వీళ్ళకు ఎవరు చెప్పార్రా?" అని మీ ఆయనను నిలదీశాను.

"నువ్వే చెప్పావమ్మా. నువ్వు ఏం వెతికావో, ఏది ఎంతసేపు చూశావో అన్నీ రాసుకుంటూ ఉంటారు" అన్నాడు.

"పరాయి ఆడదాని మోకాళ్ళతో వీళ్ళకేం పని? సిగ్గూ శరం ఉండక్కర్లేదూ?" అని ఆ పూటంతా తిట్టిపోశాను. వాడు సెట్టింగుల్లోకి వెళ్ళి, ఏ యాప్ నా జాడ తీయాలో ఏది తీయకూడదో చూసి చాలావాటిని ఆపేశాడు. ఇప్పుడు తెర మీద మోకాళ్ళు బాగా తగ్గాయి. నాదే ఇంకా ఉంది.

ఇక ఆ కల పుణ్యమా అని నాకు ఇక్కడ పెద్ద పేరు వచ్చింది. మీ అక్క ఫోన్ చేసి, "మా చెల్లిని మీ కలే కాపాడింది అత్తయ్యగారూ" అని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. తప్పిపోయిన పిల్లి ఎక్కడుందో కలగనమని పక్కింటావిడ రెండుసార్లు వచ్చింది. మీ ఆయన తోటి ఉద్యోగి ఒకాయన తన బదిలీ గురించి కబురు పంపాడు. అందరూ మెచ్చుకుంటుంటే ముళ్ళ మీద కూర్చున్నట్టుంది. నీతో ఫోన్లో చెప్పేద్దామని రెండుసార్లు మొదలుపెట్టాను. కల అనేసరికే నువ్వు నవ్వేస్తున్నావు, నాకు ధైర్యం జారిపోతోంది. అందుకే కాగితం పట్టుకున్నాను.

అమ్మాయ్, నాకు ఏ కలా రాలేదు. ఆ మధ్యాహ్నం నేను కన్ను మూయనే లేదు.

నువ్వు శిక్షణకు వెళ్ళిన నాలుగో రోజున ట్యాబ్ టింగుమంది. చొక్కా చేతులు కత్తిరిస్తున్నాను. వీడియో ఏదో వచ్చిందనుకుని వేలు పెట్టాను. చూస్తే మీ అక్క మాట. "ఒసేయ్ పిచ్చిమొద్దూ, తిన్నావా లేదా?" అని. దాని కింద నీ జవాబు. నీ ఫోన్లో పడే మాటలన్నీ ఇందులో కూడా పడుతున్నాయని అప్పుడు తెలిసింది. ఎప్పుడో నువ్వే కలిపి, విడదీయడం మరిచిపోయి ఉంటావు. మూసేయాలి కదా? మూశాను. సాయంత్రం మళ్ళీ తెరిచాను. మొదటిసారి పొరపాటు. రెండోసారి పొరపాటు కాదు.

అయిదు వారాలు చదివాను. నువ్వు నాకు పెట్టిన పేరు కూడా చదివాను. సీసీ కెమెరా. "మా సీసీ కెమెరా కరెంటు పోయినా పనిచేస్తుందే" అని మీ అక్కకు రాశావు. ఆ కోపంలో ఒక జేబు తలకిందులుగా కుట్టేశాను. తీరా కుట్లు విప్పుతుంటే నవ్వొచ్చింది. దొంగచాటుగా నీ మాటలు చదువుతూ, నన్ను సీసీ కెమెరా అంటావా అని నీ మీద మండిపడుతున్నాను! ఆ పేరు తప్పని వాదించడానికి నా దగ్గర ఒక్క ముక్క కూడా లేదు.

కల వచ్చిందని నీకు చెప్పిన రోజు, మూడు గంటలప్పుడు మీ అక్క పేరుతో మాట వచ్చింది. "డియర్ సిస్టర్, ఎలా ఉన్నారు? మీ నంబరుకు పొరపాటున ఆరంకెల కోడ్ ఒకటి వచ్చింది. దయచేసి వెంటనే పంపగలరు" అని. నా చేతిలో సూది ఆగిపోయింది. మీ అక్క నిన్ను 'మీరు' అనడమా? ఆ అయిదు వారాల్లో ఆవిడ నిన్ను మొద్దు అనో మట్టిబుర్ర అనో పిలవని రోజు లేదు. ఆవిడ ప్రేమంతా తిట్లలోనే ఉంటుంది. 'డియర్ సిస్టర్' అన్నది మీ అక్కే అయితే నేను మహారాణిని.

వైద్యానికి వచ్చినవాళ్ళ ఫొటోలు బయటికి పోకూడదని మీ వర్క్‌షాపులో ఫోన్లు గుమ్మం దగ్గర పెట్టెలో పెట్టిస్తారు కదా. నాలుగున్నరకు నువ్వు బయటికి వస్తావు, అలసటలో ఉంటావు, అక్క అడిగింది కదా అని కోడ్ పంపేస్తావు. అంతటితో, మీ అక్క పేరు వాడుకుంటున్న ఆ దొంగ గుప్పిట్లోకి నీ మెసేజీల ఖాతా కూడా పోతుంది. మర్నాడు నీ పేరుతో నాకే 'డియర్ అత్తయ్య' అని వస్తుంది. ఇలాంటివి పేపర్లో ఎన్ని చదవలేదు! గోడ మీద రాసిపెట్టిన మీ ఆఫీసు నంబరుకు ఫోన్ చేశాను. గుమస్తా ఎత్తాడు.

"మా కోడలిని పిలవండి బాబూ, ప్రాణం మీది సంగతి."

"ఎవరి ప్రాణమండీ?"

"ప్రస్తుతానికి ఎవరిదీ కాదు. మీరిలా ప్రశ్నలు వేస్తూ కూర్చుంటే నాదే."

నువ్వు పరుగున వచ్చావు. "ఏమైంది అత్తయ్యా? ఆయన బాగానే ఉన్నారా?" అన్నావు ఆయాసపడుతూ. నిజం నాలుక చివరిదాకా వచ్చింది. చెబితే, ఇన్నాళ్ళూ చదివానని కూడా చెప్పాలి. "ఇప్పుడే కునుకు పడితే పాడుకల వచ్చిందమ్మా. మీ అక్క వేషంలో ఎవరో వచ్చి నీ దగ్గర నంబరు అడిగి పట్టుకుపోయారు. ఇవాళ ఎవరు ఏ నంబరు అడిగినా చెప్పకు. అక్క అడిగినా సరే, ముందు గొంతు విను" అన్నాను.

"అక్కడ ప్లాస్టర్ గట్టిపడిపోతోంది అత్తయ్యా, కలలు ఆదివారం చెప్పండి" అని నవ్వి పెట్టేశావు. అయినా నా మాట చెవిన పడింది కాబట్టి, ఆ 'డియర్ సిస్టర్' చూడగానే మీ బావగారికి ఫోన్ చేసి అక్కను పిలిపించావు. తన ఖాతా పొద్దున్నే పోయిందని ఆవిడ లబోదిబోమంటోంది. ఆ తర్వాతిదంతా నీకు తెలిసిందే.

వారం రోజులు పొగడ్తలు మోసి, ఇక మొయ్యలేక లైబ్రరీలో పనిచేసే ఆవిడ దగ్గరికి వెళ్ళాను. మన దగ్గరే కుట్టించుకుంటుంది, నీకు తెలుసుగా. జరిగినదంతా చెప్పి, చదవడం తప్పే గాని ఎంత మేలు జరిగిందో చూశారా అన్నాను. ఆవిడ పుస్తకాలు సర్దుతూనే, "ఇంకొకరి ఇంట్లో దొంగను పట్టుకున్నారు, సంతోషం వదినా. ఆ ఇంట్లో మీరేం చేస్తున్నారు?" అంది.

మా ఇంటి కోడలే కదా అని సర్దిచెప్పబోయాను.

"ఎవరు ఏ పుస్తకం తీసుకెళ్ళారో వాళ్ళ ఇంట్లోవాళ్ళు అడిగినా మేం చెప్పం వదినా" అంది. అంతే, ఇంకేమీ అనలేదు. నా చేతే ట్యాబ్ తెరిపించి, నీ ఖాతాను అందులోంచి తీయించింది. తీసే ముందు కొత్త మాట ఒకటి వచ్చి ఉంది. చదవలేదు. రోజంతా కాజాలు కుట్టినా నా వేలికి అంత కష్టం కాలేదు. నీ ఫోన్లో కూడా, ఖాతాకు కలిపి ఉన్న పరికరాల జాబితా ఉంటుందట. చూసి, తెలియనిది ఏదైనా ఉంటే తీసెయ్. రెండో తాళంలా ఒక పిన్ పెట్టుకోమని కూడా చెప్పింది. ఏం పెట్టావో నాకు చెప్పకు.

ఇక్కడితో అయిపోతే బాగుండేది. ఇంకొకటి ఉంది. శిక్షణ అయ్యాక ఇంకో ఏడాది అక్కడే ఉండి కొత్తవాళ్ళకు పని నేర్పమని మీ వర్క్‌షాపువాళ్ళు అడిగారని అక్కకు రాశావు. నీకు చాలా ఇష్టమని, ఆయన ఒప్పుకుంటారని, అత్తయ్యతో ఎలా చెప్పాలో తెలియక వద్దనేస్తున్నానని రాశావు. అది చదివి నేను ఎవరికీ చెప్పలేదు, మీ ఆయనకు కూడా. చెప్పాల్సింది నువ్వు. కానీ తెలిసీ తెలియనట్టు నటించడం ఇంకో పాడుకల అవుతుంది.

నీ రహస్యం అడగకుండా తీసుకున్నాను, నాదొకటి అడగకుండానే ఇస్తున్నాను. పెళ్ళయిన కొత్తలో నాకు టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఉద్యోగం వచ్చింది. వచ్చిందని నాకు పదకొండేళ్ళ తరవాత తెలిసింది. మా అత్తగారు ఆ కవరు విప్పి చదివి, ట్రంకుపెట్టె అడుగున బట్టల కింద పరిచేశారు. పెట్టె దులుపుతుంటే బయటపడింది. ఈ సంగతి నేను మీ మామయ్యగారికి కూడా చెప్పలేదు. ఊళ్ళోవాళ్ళ మాటలన్నీ చెవిన పడే ఉద్యోగం అది. నా సంగతి ఇప్పుడు తెలిసింది కాబట్టి, నాకు దక్కకపోవడం ఆ ఊరి అదృష్టమేననుకో! కానీ ఆ రోజు పెట్టె ముందు కూర్చుని చాలాసేపు ఏడ్చాను. ఆవిడ చెడ్డమనిషి కాదు. నేను చెయ్యి దాటిపోతానని భయపడింది. నీ మాట చదివినప్పుడు నాకూ సరిగ్గా అదే భయం వేసింది. అందుకే ఇంత పొడుగు ఉత్తరం.

నా మీద కోపం వస్తే దాచుకోకు, తీరేదాకా కోప్పడు. నీకు ఉండాలని ఉంటే ఉండు, రావాలని ఉంటే రా. నాకు జడిసి మాత్రం రావద్దు. నేను మీ అక్కను కదిలించి అడగను, మీ ఆయన మొహం చూసి కూపీ లాగను. నువ్వు ఏం తేల్చుకున్నావో, నీ అంతట నువ్వు చెప్పిన రోజునే నాకు తెలుస్తుంది.

ఇట్లు,
ఎదురుచూడడం ఇప్పుడిప్పుడే నేర్చుకుంటున్న
నీ అత్తయ్య