ఎదురుగా కూర్చునే మనిషి

చెల్లె మల్లమ్మా,

నువ్వు పోయి నేటికి ఏడేళ్లు. నీకు చదువు రాదు, నాకు అక్షరాలు వచ్చిందీ నిరుడే. ఇంట్లో ఎవరితోనూ అనలేక నీకే రాస్తున్నాను.

బాపు పోయినప్పటి నుంచి అమ్మ గోడవైపు తిరిగి కూర్చుంటోంది. తినదు, తల దువ్వుకోదు. నీ బిడ్డ పురిట్లోనే పోయాక నువ్వు కూర్చున్నట్టే. అయినా కోస్గి నుంచి మంత్రగాణ్ణి ఎవరూ పిలవలేదు. "ముసల్ది, దుఃఖం గదా, పాపం" అంటోంది వాడకట్టంతా. నీదీ దుఃఖమే. నీకు పంతొమ్మిదేళ్లు కాబట్టి దయ్యం అన్నారు. మిరపకాయల పొగ వేశారు. అమ్మ కొడవలి కాల్చి నీ అరికాళ్లకు వాతలు పెట్టింది. కాళ్లు కదలకుండా పట్టుకున్నది నేను.

నువ్వు అడిగింది ఒక్కటే: "అక్కా, జర నా ఎదురుంగ కూసొని జొన్నలు ఇసురరాదే."

దయ్యం పట్టిన చెయ్యి తగిలితే పిండి మైలపడుతుందని నిన్ను విసుర్రాయి ముట్టనివ్వలేదు. వాతలు మానకముందే పోయావు.

నిన్న పొద్దున అమ్మను లేపి ఆ రాయి ముందే కూర్చోబెట్టాను. ఎదురుగా నేను. ఒకే కొయ్యను ఇద్దరం పట్టుకుని జొన్నలు విసిరాం. సగంలో అమ్మ ఏడ్చింది.

"పానం జర తేలికయింది బిడ్డా" అంది. కొంగుతో కళ్లు తుడుచుకుని అడిగింది: "చిన్నది గూడ గిదే అడిగింది గదా?"

"అడిగింది" అన్నాను.

అమ్మ చెయ్యి కొయ్య మీది నుంచి జారిపోయింది. గింజలు అయిపోయాక కూడా నేనొక్కదాన్నే రాయి తిప్పుతూ కూర్చున్నాను.