పెట్ట కూత

మారేడ్‌పల్లి,
మార్చి 12, గురువారం.

తమ్ముడు తిరుమల్‌కు,

అన్న ఏసురత్నం దీవెనలు. స్వర్ణలతకూ, మీ తోటలో రెక్కలున్న ప్రతి ప్రాణికీ సమాధానం కలగాలి.

నిన్న మన వడ్రంగి బ్రహ్మచారి వచ్చి నీ కబురు చెప్పాడు. ఈస్టర్ ముందు శనివారం ఎప్పటిలాగే వేటకు రావాలట. మాటులో ఊరికే కూర్చుంటే చాలట, టర్కీ పుంజుల్ని పిలిచే సంగతి నేను పట్టించుకోనక్కర్లేదట. "రత్నమన్న గొంతు ఏడికి పోయింది? నా ఫోన్ల భద్రంగ ఉంది. బటన్ నొక్కితే పుంజులు ఉరికొస్తయ్" అన్నావట. బ్రహ్మచారి నవ్వుతూ చెప్పడం మొదలుపెట్టి, నా మొహం చూసి నవ్వు ఆపేశాడు. టీ సగం తాగి బన్సీలాల్‌పేటకు వెళ్లిపోయాడు.

నేను రాను తిరుమల్. డాక్టరు దుమ్ములోకి వెళ్లొద్దన్నాడని నీకు మెసేజ్ పెట్టాను చూడు, అది అబద్ధం. ముప్ఫై ఏళ్లు బళ్లో పిల్లలకు అబద్ధమాడొద్దని చెప్పి, రిటైరయ్యాక నీతో ఆడాను. మనసు ఊరుకోక ఈ కాగితం తీశాను. ఇప్పుడు నాలుగు మాటలకు మించి ఏది చెప్పాలన్నా నాకు కాగితమే దిక్కు. గొంతు దగ్గర ఆనించుకుని మాట్లాడే యంత్రం ఒకటి ఇచ్చారు గానీ, అందులో మాట్లాడితే మిక్సీ మాట్లాడినట్టుంది. బీరువాలో పెట్టేశాను.

మన వేటకు పందొమ్మిదేళ్లు. బయట కౌజు పిట్టను ముట్టుకున్నా జైలే కాబట్టి, శామీర్‌పేట దగ్గర నీ తోటలో నువ్వు స్వేచ్ఛగా వదిలి పెంచిన టర్కీలతోనే సరదా తీర్చుకున్నాం. అవీ తక్కువవి కావు. మామిడి కొమ్మల మీద పడుకుంటాయి, మనిషి అలికిడైతే మాయమవుతాయి. బ్రహ్మచారి తన వడ్రంగం పనితనమంతా పెట్టి విల్లులు చేశాడు. నియమం కూడా అతనే పెట్టాడు. పుంజును వెంటపడి కొట్టకూడదు, పిలిస్తే తనంతట తాను నడిచి వచ్చినదాన్నే కొట్టాలి. మీ ఇద్దరూ విలుకాళ్లు, నేను పిలిచేవాణ్ణి. ఎండలు ముదరకముందే, జత కోసం తిరిగే పుంజుకు పెట్ట కూత వినిపిస్తే చాలు. నేను నోటితో 'కియ్యక్ కియ్యక్' అనగానే చెట్ల వెనక నుంచి 'గులగులగుల' అని జవాబొచ్చేది. చర్చి పాటల బృందంలో నా గొంతును ఎంతమంది మెచ్చుకున్నా, ఆ పుంజు జవాబిచ్చినప్పుడు కలిగినంత గర్వం కలిగేది కాదు. దేవుడు క్షమించాలి.

పోయిన జూన్‌లో ఆపరేషన్ ముందు రోజు నీకు గుర్తుండే ఉంటుంది. కంతితో పాటు స్వరపేటిక మొత్తం తీసేస్తామన్నారు. మీ వదిన ప్రేమమణి తన ఫోను పెట్టి నా చేత ఒక కీర్తన పాడించింది, మనవరాళ్ల పేర్లు పిలిపించింది. ఆఖర్న నువ్వు "అన్నా, జెర పెట్ట కూత సుత కూయరాదే" అని నీ ఫోను పెట్టావు. నేను కూశాను. నర్సు పరుగెత్తుకొచ్చి, వార్డులోకి కోడి ఎలా వచ్చిందని మంచం కింద వంగి చూసింది. అంత నవ్వు నేను మళ్లీ నవ్వలేదు.

ఇంటికి వచ్చాక ఒకరోజు ప్రేమమణి వంటింట్లో ఆ కీర్తన పెట్టుకుని వింటోంది. నా ఫోటోకు దండేసి ఎదురుగా కూర్చున్నట్టు అనిపించింది. ఫోను లాక్కుని అన్నీ తీసేశాను. ఆమె ఒక్క మాట అనలేదు. నువ్వు కూడా నీ దగ్గరున్నది తీసెయ్యి.

నేను రాకపోవడానికి అసలు కారణం ఇంకొకటి ఉంది. ఇప్పుడు నేను ఊపిరి తీసేది మెడ మీద పెట్టిన రంధ్రంతో. దగ్గినా అందులోంచే. ఆ దగ్గు చెప్పి రాదు, వస్తే ఆగదు, పంక్చరైన ట్యూబులోంచి గాలి తన్నుకొచ్చినట్టు ఉంటుంది. జనవరిలో చర్చిలో అందరూ మౌనంగా ప్రార్థిస్తున్నప్పుడు వచ్చింది. ముందు బెంచీ ఆవిడ ఉలిక్కిపడి, బైబిలు తీసుకుని రెండు బెంచీలు అవతలికి వెళ్లి కూర్చుంది. ఆ రోజు నుంచి మోకాళ్ల నొప్పులని ప్రేమమణికి చెప్పి, ఆదివారాలు ఇంట్లోనే ఉంటున్నాను. మనుషులే అలా లేచిపోతే కోళ్ల సంగతి చెప్పాలా? మాటులో ఆకు కూడా కదలకూడదు. పుంజుల్ని మీ ముందుకు తెచ్చినవాణ్ణి, ఇప్పుడు తరిమేవాణ్ణి అవుతాను. ఏడాదంతా ఎదురుచూసిన పొద్దు మీకు పాడుచెయ్యలేను.

ఇంకొక మాట. ఆపరేషన్ అయ్యాక నన్ను చూడటానికి నువ్వు రెండుసార్లే వచ్చావు. నిష్ఠూరం కాదు. కాదేమిటి, నిష్ఠూరమే.

నీ అన్న,
ఏసురత్నం


శామీర్‌పేట,
మార్చి 21.

రత్నమన్నకు నీ తమ్ముడు తిరుమల్ శనార్తులు. వదినను అడిగినట్టు చెప్పు.

నీ ఉత్తరం వచ్చిన రోజు నా కళ్లజోడు విరిగి ఉంది కాబట్టి స్వర్ణలత చదివి వినిపించింది. చివరి మాట దగ్గర ఆగి నా వైపు చూసి "మంచిగయింది నీకు" అంది. అందుకే ముందు దానికే జవాబు రాస్తున్నాను.

రెండుసార్లు కాదన్నా, ఆరుసార్లు వచ్చాను. నాలుగుసార్లు మీ గేటు దాకా వచ్చి బండి తిప్పుకుని పోయాను. గూడ్సు బండి ఆఖరి పెట్టెలో ముప్ఫై ఏళ్లు ఒక్కణ్ణే కూర్చున్నవాణ్ణి, మౌనమంటే నాకు భయం లేదనుకునేవాణ్ణి. కానీ నువ్వు నోటుబుక్కులో రాస్తుంటే, నీ పెన్ను ఆగేదాకా నా మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలిసేది కాదు. రెండోసారి వచ్చినప్పుడు నువ్వు తల వంచుకుని నెమ్మదిగా రాసి చూపించావు. 'టీలో చక్కెర వెయ్యమంటావా' అని ఉంది. ఎప్పుడూ నన్ను అడక్కుండా మూడు చెంచాలు వేయించి, షుగరొచ్చి చస్తావురా అని తిట్టేవాడివి. బయటికొచ్చి రోడ్డు మీద బండి ఆపుకుని ఏడ్చాను. తర్వాత రావడానికి ధైర్యం చాల్లేదు. తిట్టాలంటే తిట్టు, పడతాను.

ఇప్పుడు ఆ కూత సంగతి. నీ దగ్గర దాచమని బ్రహ్మచారి చేత ఒట్టు వేయించుకున్నాను గానీ, ఇక దాచి లాభం లేదు. నీ ఆపరేషన్ అయిన రోజు ఇంటికొచ్చి, ఏం తోచక, కోళ్లకు మక్కలు చల్లుతూ ఫోన్లో నీ కూత పెట్టాను. చెట్ల మీదున్నవన్నీ తలలెత్తి చూశాయి. మర్నాడు మళ్లీ పెట్టాను. అప్పటి నుంచి పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి. స్వర్ణలత "పిచ్చి లేసిందా ఏంది నీకు? కోళ్లకు దినాం పాట పెడుతున్నవ్" అని నవ్వేది. కోళ్ల కోసం కాదని దానికీ తెలుసు.

ఫిబ్రవరిలో నేనూ బ్రహ్మచారీ సరిచూద్దామని మాటు వేశాం. నేను బటన్ నొక్కాను. పుంజులు ఉరికొస్తాయని నీకు కబురు పంపానే, అది అబద్ధం కాదన్నా, నిజంగానే ఉరికొచ్చాయి. పదకొండు పుంజులు, వెనక పెట్టలు. వచ్చి మా ముందు వరసగా నిలబడి, మక్కలేవని మెడలు చాచి చూశాయి. ఒకటి బ్రహ్మచారి చెప్పు వారు పట్టుకుని లాగింది. అతను విల్లు దించేసి "ఇది వేట గాదు తిరుమల్, అంగన్‌వాడీ" అన్నాడు.

కాబట్టి అన్నా, నువ్వు చెడగొట్టడానికి ఇక్కడ వేటంటూ మిగిలితే కదా. ఆ పని నేనే చేసి పెట్టాను.

ఒక్కటి మాత్రం మిగిలింది. బావి గట్టున చింతచెట్టు మీద ఉండే నల్ల పుంజు. మక్కలకూ లొంగలేదు, ఫోనుకూ లొంగలేదు. శనివారం పొద్దున నేను కూత పెట్టుకుని మందనంతా తోట అవతలి చివరకు తీసుకుపోతాను. నువ్వూ బ్రహ్మచారీ బావి దగ్గర కూర్చోండి. దగ్గొస్తే దగ్గు. పుంజు పారిపోతే పోనీ, స్వర్ణలత పప్పు వండుతుంది, ఈస్టర్‌కు పప్పన్నం తిందాం.

ఫోన్లోది మాత్రం తీసెయ్యను. నీ మాట కాదనడం ఇదే మొదటిసారి. దండేసిన ఫోటో అన్నావే, రోజూ దాన్ని విని ముప్ఫై నాలుగు కోళ్లు అన్నానికొస్తున్నాయి.

శుక్రవారం సాయంత్రం వదినను తీసుకుని రా. రాకపోతే ఈసారి గేటు దగ్గర ఆగను.

నీ తమ్ముడు,
తిరుమల్


మారేడ్‌పల్లి,
ఈస్టర్ ఆదివారం, సాయంత్రం.

తమ్ముడూ,

నీ ఇంటికీ నీ పొయ్యికీ ఏ లోటూ రాకూడదు.

నిన్న బావి దగ్గర ఏం జరిగిందో బ్రహ్మచారి నీకు చెప్పే ఉంటాడు. అతని సంగతి తెలిసిందే, పేరుకు బ్రహ్మచారి, నలుగురు పిల్లల తండ్రి, మాటలు మాత్రం సన్యాసివి. "దగ్గిండు, అచ్చింది, కొట్టిన" అని ఊరుకుని ఉంటాడు. భోజనాల దగ్గర అందరి ముందూ నోటుబుక్కు తీయలేకపోయాను. అందుకే రాస్తున్నాను.

మేం మాటులో కూర్చునేసరికి ఇంకా మసక మసకగా ఉంది. మెడకు గుడ్డ చుట్టుకుని, దాని మీద అరచెయ్యి పెట్టుకుని, దగ్గు రాకూడదని మనసులో ప్రార్థన చేసుకుంటూ కూర్చున్నాను. అప్పుడు అవతలి చివర నుంచి కూత మొదలైంది. ఆ కీర్తన తీసేశాక నా గొంతు వినడం అదే మొదటిసారి తిరుమల్. ఫోను కదా, ఎలాగో ఉంటుందిలే అనుకున్నాను. కానీ ఆ మామిడి చెట్ల మధ్యలోంచి వస్తుంటే, నేనే అక్కడెక్కడో ఆరోగ్యంగా తిరుగుతున్నట్టుంది. మందంతా మా ముందు నుంచే దానికోసం పరుగెత్తింది. ఒక పెట్ట వెనకబడిపోయి, కుంటుకుంటూ, అయినా ఆగకుండా పోయింది. దాన్ని చూసి నాకు ఏడుపొచ్చింది. ఆపరేషన్ రోజు ఏడవలేదు, చర్చిలో ఆవిడ లేచిపోయిన రోజు ఏడవలేదు, కుంటి కోడిని చూసి ఏడ్చాను.

ఏడిస్తే నాకు దగ్గొస్తుంది. చేత్తో అదిమిపెట్టాను, చేతిని తోసుకుని వచ్చింది. చర్చిలో వచ్చినదాని కంటే పెద్దగా వచ్చింది. అంతా అయిపోయిందనుకుని, క్షమించమని బ్రహ్మచారికి సైగ చేయబోయాను. అంతలో చింతచెట్టు మీద నుంచి 'గులగులగుల' అని జవాబు.

బ్రహ్మచారి నా చెవిలో "సారూ, అది నీకే పలికింది" అన్నాడు. నేను నమ్మలేదు. మళ్లీ దగ్గొచ్చింది, మళ్లీ పలికింది. మూడోసారి, దాచేదేముందని, నేనే కావాలని దగ్గాను. పుంజు కిందికి దిగింది. తోక విప్పి, రెక్కలు నేలకీడ్చుకుంటూ, ఎవడ్రా నా బావి దగ్గర అన్నట్టు నడిచి వచ్చింది. ఫోనుకు లొంగని పుంజు నా దగ్గుకు వచ్చింది. దానికి ఇంపుగా వినిపించి ఉంటుందని నేననను. కోపమో, పౌరుషమో. కానీ లేచిపోలేదు తిరుమల్, దగ్గరికి వచ్చింది.

పది అడుగుల దూరంలో ఆగింది. పిలిచినవాడు మోకాలి మీద తడితేనే విలుకాడు బాణం వదలాలి కదా. బ్రహ్మచారి నారి లాగి నా చేతి వైపే చూస్తున్నాడు. నాకు జవాబిచ్చిన ప్రాణి కదా అని మనసు వెనకాడింది, అబద్ధమెందుకు. కానీ పందొమ్మిదేళ్లుగా మనం తిన్నవన్నీ నాకు జవాబిచ్చినవే. తట్టాను. బాణం తప్పలేదు, అది ఎక్కువ తన్నుకోలేదు.

ఈ రోజు చర్చికి వెళ్లాను. ప్రార్థన మధ్యలో దగ్గొచ్చింది. కొందరు వెనక్కి తిరిగి చూశారు. చూడనీ అనుకుని కూర్చున్నాను. ఆరాధన అయ్యేదాకా ప్రేమమణి నా చెయ్యి వదల్లేదు.

ఇప్పుడు నేను అడగబోయేది నాకు సిగ్గుగా ఉంది. నిన్న నువ్వు కూత పెట్టినప్పుడు ప్రేమమణి మీ వంటింట్లో ఉందట. వింటూ గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయిందని స్వర్ణలత చెప్పింది. ఆటోలో ఇంటికి వస్తుంటే తిరుమలగిరి దగ్గర అడిగింది. "ఏవండీ, ఆ కూత నా ఫోన్లోకి వేస్తాడేమో తిరుమల్‌ను అడుగుతారా? కీర్తన పోతే పోయింది. అది కూడా మీ గొంతే కదా" అని. నా పక్కనే కూర్చుని, ఇన్ని నెలలు, నన్నొక్క మాట అనకుండా ఆమె ఎలా ఉందో నాకు తెలియదు. నా బాధ నాది అనుకుని, ఆమెకు మిగిలినది కూడా నేనే చెరిపేశాను.

ఈసారి పోస్టులో వెయ్యను, ఈ కాగితం ఫోటో తీసి నీకు పంపేది ఆమే. పంపే ముందు చదువుతుందని తెలిసే ఇది రాస్తున్నాను. నోటుబుక్కులో ఆమె ఎదురుగా రాయడానికి నా చెయ్యి ఆడలేదు. మణీ, నన్ను క్షమించు.

తిరుమల్, జవాబుగా మాటలేవీ రాయకు. ఆ కూత పంపు.

మీ ఇద్దరి వాడు,
ఏసురత్నం