అవ్వ గొట్టానికి ముడి

మూకండపల్లి, 12-8-2004

నాయనకు రేణు నమస్కారం. ఈ పొద్దుకు అవ్వకు జ్వరం దిగింది. ఆ మాట అమ్మకు చెప్పి, తర్వాత తక్కినది చదువు.

ఆపరేషన్ చేయలేదంటే డాక్టర్లు చేతులెత్తేశారని నీకెవరు చెప్పారు? అవ్వ పిత్తాశయంలో చీము పట్టింది. గుండె బలహీనంగా ఉంది, మత్తిచ్చి కోస్తే తట్టుకోదన్నారు. అందుకే స్కానింగులో చూస్తూ, డొక్కలో సూదితో గుచ్చి సన్నని గొట్టం పెట్టారు. చెడ్డ పసరంతా దాని గుండా సంచిలోకి దిగుతోంది.

నిన్న షిఫ్టు ముగించుకుని ఆసుపత్రికి వెళ్తే, అవ్వకు తోడుగా ఉన్న పాపక్కత్త ఆ గొట్టాన్ని మడిచి దారంతో ముడేసి కూర్చుంది! అవ్వ చలితో వణుకుతోంది.

"సత్తువంతా పచ్చగా కారిపోతాంటే చూస్తా ఊరుకోమంటావా?" అంది అత్త.

"అది సత్తువ కాదత్తా, చీము! ప్రేమతోనే చంపేసేట్టుండావు" అని అరిచాను.

నర్సు పరుగున వచ్చి ముడి విప్పింది. అవ్వ కళ్లు తెరిచి, "బయటికి పోయి కొట్లాడుకోండే" అంది.

ఆదివారం వ్యాను తెచ్చి అవ్వను మన ఊరికి, అత్తిముగం తీసుకుపోతావట. వ్యాను తేవద్దు. గొట్టం ఆరు వారాలుండాలి, గుండె కుదుటపడ్డాకే ఆపరేషన్ మాట. ఆసుపత్రివాళ్లు పంపించాక నా గదిలోనే ఉంటుంది. ఆసుపత్రి కాగితంలో సంతకం నాది. ఎవరొచ్చి లాగినా కదలనివ్వను.

నువ్వు బస్సులో రా. అవ్వ పాత నూలు చీరలు రెండు తీసుకురా. ఎర్రావు ఈనిందా? అమ్మ మోకాలు ఎట్లుంది?

అవ్వ నీకు దీవెనలు చెప్పి, తన మంచానికి నులక బిగించమంది. తానొచ్చేసరికి వదులుగా ఉంటే ఊరుకోదట.

రేణు