గంప కింద నల్లపెట్ట

సోమవారం, రాత్రి

పోయినవారం భద్రాచలం సంతలో కొన్న ఎర్రపెట్ట నెత్తి మీద ఇవాళ ఒక్క ఈకా మిగల్లేదు. గింజల దగ్గరికి వస్తే చాలు, నల్లపెట్ట పొడిచి తరిమేస్తోంది. ఎర్రదాన్ని వేరుగా కట్టేద్దామనుకుంటే పక్కింటి లచ్చమ్మక్క ఒప్పుకోలేదు.

"దెబ్బలు తిన్నదాన్ని కట్టేస్తె ఏమొస్తది, టీచరమ్మా? పొడిసేదాన్ని గంప కింద కమ్ము. నాలుగు రోజులైనంక ఇడిస్తె అదే కొత్తదైతది, తల వంచుకొని ఉంటది" అంది.

సరేనని నల్లదాని మీద గంప కమ్మి, పైన రాయి పెట్టాను. ఎర్రదాని నెత్తికి పసుపు, వేపనూనె రాసి ముందు నూకలు చల్లాను. అది రాలేదు. మిగతావి తిని వెళ్లేదాకా గోడ వారనే నిలబడింది. ఇప్పుడు పొడిచేవాళ్లెవరూ లేరే! చిరాకేసి "తినవే, మొద్దూ" అని అరిచాను.

అరిచాక మధ్యాహ్నం సంగతి గుర్తొచ్చింది.

నేను ఈ బడికి బదిలీ మీద వచ్చినప్పటి నుంచీ స్టాఫ్‌రూమ్‌లో ఉన్న ఒక్క ఖాళీ కుర్చీలో సరోజ మేడం తన బ్యాగు పెడుతోంది. మిగతావాళ్లు చూడనట్టే తింటారు. ఇవాళ ఆమె సెలవు. కుర్చీ ఖాళీగానే ఉంది. గుమ్మం దాకా వెళ్లి చూశాను కూడా.

తర్వాత డబ్బా పట్టుకుని, ఎప్పటిలాగే మూడో తరగతి గదిలోకి వెళ్లి తిన్నాను.