అందరూ సున్నా చుట్టిన చోటు

జూన్ 3
పూజ్యులైన తాతయ్యకు మీ మనవరాలి నమస్కారాలు.
ఇవాళ ఆఫీసుకు రాగానే ఒక వింత చూశాను. మన సముద్రం చుట్టూ ఉన్న అయిదు దేశాల పడవ యజమానులకు పంపిన మ్యాపులు నలభై రెండూ తిరిగొచ్చాయి. "చేపలు గుడ్లు పెట్టే చోట సున్నా చుట్టండి, అక్కడ వేట ఆపిస్తాం" అని అడిగాం కదా. నలభై రెండు సున్నాలూ ఒకే చోట ఉన్నాయి, మునిగిన ఓడ పక్కన. మీది కూడా. మా ఆఫీసరుగారు కళ్లద్దాలు తీసి తుడుచుకుని మళ్లీ చూశారు. కిటికీ తెరవాలా మూయాలా అన్న దానిమీద కూడా ఈ దేశాలు కిందటి సమావేశంలో ఒప్పుకోలేదట. దీన్ని ఏకాభిప్రాయం అంటారు తాతయ్యా. పదిహేనున ఒప్పందంమీద సంతకాలు.
మీ మనవరాలు
తా.క. కిటికీ ఇప్పటికీ సగమే తెరిచి ఉంది.

జూన్ 5
చిరంజీవి మనవరాలికి తాతయ్య దీవెనలు.
చేరిన రెండు నెలలకే అయిదు దేశాల్ని కలిపావు, సంతోషం. ఆ చోటు మూసేస్తే మాకేం అభ్యంతరం లేదు. తాళం కూడా వేసుకోండి. ఇంక నన్నేం అడక్కు.
మీ తాతయ్య
తా.క. అక్కడ నేను వల వేసి ముప్పై ఏళ్లయింది. ఆఖరిసారి ఒక చెప్పు పడింది, ఎడమకాలిది.

జూన్ 7
తాతయ్యకు వేల నమస్కారాలు.
చట్టమే లేని రోజుల్లో ముప్పై ఏళ్లు వల వెయ్యకుండా ఆ చోటును కాపాడారా? మాకెవరికీ చెప్పనేలేదు. ఆఫీసరుగారు మీ ఉత్తరం చదివి "త్యాగం" అని రాసుకున్నారు. నేను "నిగ్రహం" అని దిద్దాను. సంతకాల రోజు వేదికమీద మీకు పతకం ఇస్తారు.
గర్వంతో, మీ మనవరాలు
తా.క. ఆ చెప్పు ఉంటే పంపండి. ప్రదర్శనలో పెడతారట.

జూన్ 9
మనవరాలికి,
పతకమేమిటే నీ మొహం. అక్కడ చేపలుంటే కదా నేను వల వేసేది. అంతా రాళ్లూ తుప్పూ. చేపలున్న చోటు ఏ జాలరైనా బయటపెడతాడా? మీ నాన్నకే చెప్పలేదు, వాడు నా కన్నకొడుకు. అచ్చుకాగితం వచ్చి అడిగితే చెప్తానా? మిగతా నలభై ఒక్కరూ అదే పని చేసుంటారు. చేపల్లేని చోటేదో ఈ సముద్రంమీద అందరికీ తెలుసు.
విసిగిపోయిన తాతయ్య
తా.క. నాకు నిగ్రహం ఉందని మీ నానమ్మకు చదివి వినిపించాను. నవ్వీ నవ్వీ పొలమారింది.

జూన్ 11
తాతయ్యా,
తల పట్టుకుని కూర్చున్నాను. ఒప్పందంలో రెండో వాక్యం చదివారా? సున్నా లోపల వేట నిషేధం. సున్నా బయట అంతా, పదహారు నుంచి, పెద్ద ఓడలకు అనుమతి. ఒక్కో ఓడ వల మన వీధంత పొడవుంటుంది, అడుగుదాకా ఊడ్చేస్తుంది. మీరు దాచిన చోటు ఎక్కడుందో నాకు తెలియదు గానీ, సున్నా బయటే ఉంది. గుడ్లూ పిల్లలూ ఏమీ మిగలవు. ఆఫీసరుగారికి నిజం చెప్పేశాను. ఆయన గ్లాసుడు నీళ్లు తాగి, నా గ్లాసు కూడా తాగేశారు. సంతకాల లోపు సరైన మ్యాపు తెస్తే మారుస్తామన్నారు.
ఏ విశేషణమూ దొరకని మనవరాలు
తా.క. పతకంమీద మీ పేరు చెక్కేశారు. చెరపడం కుదరదట.

జూన్ 14
చిరంజీవి మనవరాలికి,
నీ ఉత్తరం చదివాక నిద్రపడితే ఒట్టు. నా చోటును ఆఖరిసారి చూసుకుందామని ఇవాళ తెల్లవారేసరికి పడవేసుకుని వెళ్లాను. అక్కడ నాలుగు పడవలున్నాయి, తక్కిన దేశాలవి, దేశానికొకటి. రెండో వాక్యం వాళ్లకూ ఇప్పుడే తెలిసిందట. అయిదుగురం దారి తప్పి వచ్చామన్నాం. నేను నలభై ఏళ్లుగా తిట్టుకునే ఎర్రటోపీ ముసలాయన చివరికి వచ్చీరాని మాటల్లో "సోమవారాలు నావి. నీవి?" అన్నాడు. "గురువారాలు," అన్నాను. తక్కిన ముగ్గురూ తలొక వారం చెప్పారు. ఇన్నేళ్లూ ఒకరికి తెలియకుండా ఒకరం ఒకే చోట వేస్తున్నామే.
ఆ చోటు వదులుకుంటాం. ఓడలకు మాత్రం వదలం. ఈ ఉత్తరం మధ్యాహ్నం లాంచీలో పంపుతున్నాను. రేపు పొద్దున్న ఏడింటికి అయిదుగురం ఒకే పడవలో మీ ఆఫీసు రేవుకు వస్తాం. ఖాళీ మ్యాపు ఒకటి, పెన్సిలు ఒకటి సిద్ధంగా ఉంచు. ముందు చెప్పేసింది ఫలానావాడన్న నింద ఎవరికీ రాకుండా పెన్సిలు అయిదుగురం కలిసి పట్టుకుంటాం. సున్నా వంకరగా వస్తే సర్దుకో.
మీ తాతయ్య
తా.క. గీసేటప్పుడు నువ్వు గోడవైపు తిరిగి నిలబడాలి.